మిరుగం పోయిన వారం, డిండి ఒడ్డున

మంజూష మేడం బండి తెచ్చి
దేవరకొండల మా షాపు ముంగట ఆపింది.
ఆపిందని ఆమె దిగినంకనే తెల్సింది.
ముప్పై ఏండ్ల సంది చెవితోని బతికినోణ్ణి.
సెల్ఫు గీరుకుంటే బ్రష్షులని,
డైనమో ఏడిస్తే బేరింగని
కండ్లు మూసుకొని చెప్పెటోణ్ణి.
ఈ బండి మాత్రం
పిల్లి వచ్చి అరుగు మీద కూసున్నట్టు కూసున్నది.

"హైబ్రిడ్ జంగన్నా.
అడివిల రాత్రంతా ఒక బల్బు వెల్గాలె,
చిన్న ఫ్రిజ్జు నడవాలె.
ఇంజను మాత్రం లేవొద్దు."

లేవొద్దంటే?
ఆన్‌ల పెట్టి ఉంచితే దానికదే లేస్తదట,
లోపలి పెద్ద బ్యాటరీకి ఆకలైతే
అర్ధరాత్రి ఎవర్నీ అడగకుండ.
తెల్లగుడ్డ మీద వాలిన దీపం పురుగులు
ఒక్కసారే లేచిపోతయట.
పురుగుల్ని లెక్కవెట్టే పని ఒకటుంటదని
నాకు ఆ దినమే ఎరుకైంది.

సీటు కింద నారింజ రంగు తీగెలు.
మా ఉస్తాద్ గౌస్ మియా అంటుండె:
తెల్వని కరెంటుకు సలాం చెయ్యి బేటా,
చెయ్యి మాత్రం పెట్టకు.
సలాం చేసి
డిక్కీ మూలకున్న చిన్నదాని కాడికి పోయిన.
పన్నెండు వోల్టులది.
లోపలెంత పెద్ద బ్యాటరీ ఉన్నా
బండిని నిద్రలేపేది ఇదే.
దీన్ని పీల్చి పిప్పి జేస్తే
పొద్దుగాల అడివిల బండి ఒక బండరాయి.

కరువుల గూడ మా అమ్మమ్మ
విత్తనపు జొన్నల మీద
ఎవ్వర్నీ చెయ్యి వెయ్యనియ్యకపోయేది.

అందుకే రెండోది.
నూరు ఆంపియర్ల లిథియం,
ఎత్తుకుంటే చంకబిడ్డ బరువు.
ఇనుప పట్టీ వెల్డింగు వెట్టి, కింద రబ్బరు పరిచి,
గుంతల్ల ఎగరకుండ బెల్టు బిగించిన.
నడుమ ఒక చార్జరు:
బండి మేల్కొని ఉంటేనే ఇస్తది,
పండుకుంటే గుప్పిట మూస్తది.
జానెడు దూరంల ఫ్యూజు.
ఎర్రతీగె అంచులకు రాసుకోకుండ పైపుల దూర్చి,
చాసిస్ మీద ఇంచంత రంగు గీకిన.
కొత్త బండి, పానం చివుక్కుమన్నది.
ఇనుము తెల్లగ కనబడే దాక గీకాలె మరి,
లేకుంటే ఎర్తు మాట మీద నిలవడదు.

"ఒక రాత్రి చూసినంకనే పైసలు" అన్న.
ఎందుకన్ననో. ఊకె అన్న.

రెండు కట్టెల నడుమ తెల్లగుడ్డ,
ఊదారంగు బల్బు.
నీళ్లవతల ఎక్కడ్నో మెరుపు, సప్పుడు లేదు.
మా నాయిన గిట్లనే మేల్కొనెటోడు,
రాత్రి కరెంటు ఎప్పుడొస్తదో అని
బోరు కాడ, పాములకు బెదురుకుంట,
మోటరు మూల్గుడు కోసం చెవి రిక్కించి.

వచ్చినయి.
ఎండుటాకు లెక్క ఒకటి,
కాకిరెట్ట లెక్క ఒకటి,
రొట్టె మీద మాడిన మచ్చల తీరుగ నాలుగైదు,
రెక్కల మీద కండ్లున్నదొకటి నన్నే చూసింది.
"దీన్నేమంటరన్నా మీదిక్కు?"
పురుగు, అన్న.
ఇంకో దాన్ని చూపెట్టింది.
పురుగే, అన్న.
ఆమె ఏమనలే. రాసుకున్నది.
నాకే సిగ్గనిపించింది,
స్పానరుకు పద్నాలుగు పేర్లు తెల్సినోణ్ణి.

గంటకొకసారి మీటరు పెట్టి చూసిన.
పదమూడు మీద రెండు.
మూడు గంటలకు పదమూడు మీద ఒకటి.
ఫ్రిజ్జొకటే అప్పుడప్పుడు గొంతు సవరించుకునేది,
ఆమె మందు సీసాలు, నా పెరుగన్నం డబ్బ
లోపల పెట్టుకొని.
ఇంజను లేవలే.

తెల్లారింది. మేడం బటను నొక్కింది.
చెవి రిక్కించిన.
ఏం లేదు.
గుండె జారింది. "పోయిందా మేడం?"
నవ్వి, పచ్చ అక్షరాలు చూపెట్టింది.
టైర్ల కింద గులకరాళ్లు నలిగినయి,
అదే మొదటి సప్పుడు.

మీటరు జేబుల పెట్టుకుంటుంటే చూసిన,
అంగి మీద ఒకటి, బూడిద రంగుది,
రెక్కలు సాపి పండుకున్నది.
దేవరకొండ దాక
చెయ్యి కదపకుండ కూసున్న.